మూడు రోజులు నోరు మూసుకోవాలా?

సినిమా విడుదలైన మొదటి మూడు రోజులు ఆన్‌లైన్‌లో రివ్యూలు రాకుండా ఆపాలని తమిళ నిర్మాతలు 2024 డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అలాంటి నిషేధానికి ఒప్పుకోలేదు. అంతకుముందు కేరళ హైకోర్టులో అమికస్ క్యూరీ, అంటే కోర్టుకు సలహా ఇచ్చే న్యాయవాది, రివ్యూలకి 48 గంటలు ఆగమని సూచించారు. మన దగ్గర కూడా పెద్ద సినిమా బోల్తా పడిన ప్రతిసారీ రివ్యూల మీద పడి ఏడవడం మామూలే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఇదంతా తెలిసిన కథే కాబట్టి పక్కన పెడదాం. నాకు అర్థం కానిది, ఆ మొదటి మూడు రోజులే ఎందుకు?

డబ్బంతా అక్కడే ఉంది కాబట్టి. పెద్ద సినిమా వస్తే మొదటి రోజులకి టికెట్ రేట్లు పెంచుకోవడానికి రెండు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అనుమతులు తెచ్చుకుంటారు. 'పుష్ప 2' విడుదలకు ముందురోజు రాత్రి షోకి తెలంగాణ ప్రభుత్వం టికెట్ మీద అదనంగా 800 రూపాయలు వసూలు చేసుకోనిచ్చింది. అంటే రేటు ఎక్కువున్న రోజుల్లోనే ప్రేక్షకుడికి సమాచారం తక్కువ ఉండాలి. రేటు మామూలుకి వచ్చాక మాత్రం ఎవరేం మాట్లాడుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. ఇది కళని కాపాడుకునే తాపత్రయం అంటే నేను నమ్మను.

డబ్బులిచ్చి రాయించే రివ్యూలు, డబ్బులివ్వకపోతే తిట్టే రివ్యూలు, మొదటి ఆట పూర్తి కాకముందే పడే ఒక్క స్టార్ రేటింగులు ఉన్నాయి. కాదనలేం. కానీ బెదిరించి డబ్బు గుంజితే అది నేరమే, దానికి కేసు పెట్టొచ్చు; 2023లో కొచ్చి పోలీసులు రివ్యూవర్ల మీద కేసు పెట్టారు కూడా. వాళ్లని పట్టుకోవడానికి టికెట్ కొన్నవాళ్లందరి నోరూ కట్టేయాల్సిన అవసరం లేదు.

అసలు భయం ఆ రివ్యూవర్ల గురించి కూడా కాదని నా అనుమానం. భయం మామూలు ప్రేక్షకుడంటే. అభిమాని హీరోని చూడ్డానికి వెళ్తాడు, ట్రేడ్ మనిషి హాలు ఎంత నిండిందో చూస్తాడు, రివ్యూ రాసేవాడు ఇంటర్వెల్‌కే సగం రివ్యూ రాసేసి ఉంటాడు. సినిమాని సినిమాగా చూసేది మిగిలినవాడొక్కడే. అతని మాటల్లో స్క్రీన్‌ప్లే, నెరేషన్ లాంటివి ఉండవు. 'ఫస్టాఫ్ బాగానే పోయింది, తర్వాత ఆ ఫ్లాష్‌బ్యాక్ దగ్గర ఫోన్ తీశాను' అంటాడు. ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే మాట ఎవరు చెప్తారు? ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ పక్కవాళ్లు కూడా నవ్వారో, పిల్లలు ఎప్పుడు ఇంటికెళ్దామన్నారో అతనికి గుర్తుంటుంది. హీరో ఫైట్ అద్భుతం అని చెప్పి, ఆ విలన్‌కి ఎందుకంత కోపమో మాత్రం తెలీలేదంటాడు. కోట్లు ఖర్చుపెట్టిన కథలో చిల్లు సరిగ్గా అక్కడే ఉంటుంది, చాలాసార్లు. పైగా సినిమా ఆడితే అతనికొచ్చేదీ, పోతే పోయేదీ ఏమీ లేదు. టికెట్ డబ్బులు ఎలాగూ పోయాయి.

సరుకున్నవాళ్లు ఈ మాటకి భయపడటం లేదు, గమనించండి. 2025లో 'కోర్ట్' తీసినవాళ్లు రిలీజ్‌కి ముందే ప్రీమియర్ షోలు వేశారు. ముందే చూడండి, చూసి చెప్పండి అనే కదా దాని అర్థం! 2023లో 'బలగం'కి పెద్ద హీరో లేడు. చూసినవాళ్లు చెప్పుకున్న మాటే దాన్ని తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి చూసుకునేదాకా మోసుకెళ్లింది. అప్పుడు మూడు రోజులు అందరూ నోరు మూసుకుని కూర్చుని ఉంటే నష్టపోయేది ఎవరు? పోస్టర్లకీ ప్రెస్ మీట్లకీ డబ్బుండే పెద్ద సినిమా మాత్రం కాదు. మౌనం ఎప్పుడూ ప్రచారానికి డబ్బున్నవాడికే లాభం.

ఇక ఇండస్ట్రీ దగ్గరున్న ఆఖరి అస్త్రం ఒకటుంది. 'నువ్వొక సినిమా తీసి చూపించు, అప్పుడు మాట్లాడు.' ఈ మాట వింటే నాకు సినిమాకంటే ముందు మిగతా లోకం గుర్తొస్తుంది. రోడ్డు బాగాలేదంటే నువ్వు ఇంజినీరువా అంటారు. బడిలో పిల్లాడికి చదువు రావట్లేదంటే నీకు టీచింగ్ తెలుసా అంటారు. బడ్జెట్ మీద నోరు విప్పితే ఎకనామిక్స్ చదివావా అని నవ్వుతారు. డబ్బు కట్టేటప్పుడు మాత్రం ఏ అర్హతా అడగరు. ఓటు వేసేటప్పుడూ అడగరు. వాడుకునేవాడికి మాట్లాడే హక్కు లేదు, తయారుచేసినవాడికే ఉందనే ఈ పెత్తనం మనకి బాగా అలవాటైపోయింది. సినిమా వాళ్లు దాన్ని కాస్త గట్టిగా మైకులో చెప్తున్నారు, అంతే.

వాళ్లకి నిజంగా ఆ మూడు రోజులు కావాలంటే ఇవ్వొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఆ మూడు రోజులూ మామూలు రేటుకే టికెట్ అమ్మండి. నచ్చక ఇంటర్వెల్‌లో లేచిపోయినవాడికి సగం డబ్బులు కౌంటర్‌లోనే తిరిగివ్వండి. ఈ రెండు షరతులకీ సంతకం పెట్టే నిర్మాత ఎవరైనా ముందుకొస్తే, రివ్యూల మీద మీ పిటిషన్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.