అర లీటరు ధర్మసంకటం

మానవజాతిని నిలువునా చీల్చిన సమస్యల్లో ఒకదానికి మన మేధావులు ఇంతవరకు తగిన గౌరవం ఇవ్వలేదు. టాపు తెరుచుకునే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు కొనదలచిన మనిషి ఏ ఇంజిన్ తీసుకోవాలి, ఏ వేరియంట్ తీసుకోవాలి అన్నదే ఆ సమస్య. యుద్ధాలకైనా చివరికి సంధి ఉంటుంది. ఈ గొడవకి అది కూడా లేదు.

ముందు నిందితుణ్ణి పరిచయం చేస్తాను: జపాన్ కంపెనీ మాజ్డా చేసే ఎంఎక్స్-5. వెనక సీటు లేదు. డిక్కీ 130 లీటర్లు. డ్యాష్‌బోర్డులో కాగితాలు పెట్టుకునే అర కూడా లేదు. వాన వస్తే టాపు వేసుకోవాలి, ఎండ కాస్తే టోపీ పెట్టుకోవాలి. ఇలాంటి వాహనం కొనాలని నిశ్చయించుకున్న పెద్దమనిషి, సంతకం పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, గంభీరంగా గడ్డం నిమురుకుని అడుగుతాడు: “రెండు లీటర్ల ఇంజిన్ మనకి నిజంగా అవసరమంటారా?”

అవసరం! టాపు దగ్గర వదిలేసిన వివేకాన్ని బానెట్ కింద వెతుక్కోవడమంటే ఇదే. నా వ్యాసం మొత్తానికీ ఆధారం ఈ ఒక్క ప్రశ్నే.

ఈ ఎంఎక్స్-5 చరిత్ర కాస్త చూద్దాం. మియాటా అని ముద్దుపేరు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో లోకానికి కనబడింది, 2016 ఏప్రిల్‌లో పది లక్షల మార్కు దాటింది. మొదట్లో దానికి 1.6 లీటర్ల ఇంజిన్ ఒక్కటే. ఆ రోజుల్లో దాన్ని కొన్నవాళ్లు ఎంత సుఖంగా బతికారో! పోల్చుకోవడానికి పక్కన ఇంకోటి లేదు కదా. 1993లో 1.8 వచ్చింది, ఆ సుఖం పోయింది. రెండో తరంలో 1.6, 1.8. మూడో తరంలో 1.8, 2.0. 2015లో అమ్మకానికొచ్చిన నాలుగో తరంలో 1.5, 2.0. అంకెలు మారుతూ వచ్చాయి గాని చిన్న ఇంజిన్ వర్గం, పెద్ద ఇంజిన్ వర్గం మాత్రం తరతరాలుగా వారసత్వంగా కొనసాగుతున్నాయి.

ఇప్పటి లెక్క ఇదీ: చిన్నది 1,496 సీసీ, పెద్దది 1,998 సీసీ. తేడా 502 సీసీ, అంటే చిన్న నీళ్ల సీసాలో పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ గురించే స్నేహాలు చెడుతున్నాయి.

చిన్న ఇంజిన్ వర్గంవారు స్వభావరీత్యా తపస్వులు. వారికి వేగం తుచ్ఛం. ఇంజిన్ని ఆఖరి చుక్క దాకా పిండి, నిమిషానికి ఇంజిన్ తిరుగుళ్లు చూపే ముల్లు 7,500 ఆర్‌పీఎం ముట్టాక గేరు మార్చడంలోనే ఆనందం ఉందని వారి సిద్ధాంతం. పైగా ముందు చక్రాల మీద బరువు తక్కువ కాబట్టి మలుపులో కారు ముక్కు తేలిగ్గా తిరుగుతుందంటారు. ఈ మాటలో నిజముంది. అది నిజమని ఎదుటివాడు ఒప్పుకున్నాక కూడా మరో ముప్పావుగంట చెప్పడం మాత్రం ఈ వర్గంవారికే చెల్లింది.

పెద్ద ఇంజిన్ వర్గం గృహస్థులది. వారి వాదన ఒక్క వాక్యంలో అయిపోతుంది: ఉండి వాడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ వాక్యంతో ప్రపంచంలో ఏ వస్తువునైనా కొనవచ్చు.

2018లో ఘోరం జరిగింది. అప్పటిదాకా 2.0 ఇంజిన్‌కి 160 హార్స్‌పవర్, 6,800 దగ్గరే ఎర్రగీత, అంటే ఇంజిన్ దాటకూడని తిరుగుళ్ల హద్దు. తపస్వులకి అదే బ్రహ్మాస్త్రం: “మీ ఇంజిన్‌కి బలముంది గాని గొంతు లేదు.” ఇంజినీర్లు ఏమీ ఎరగనట్టు ఆ ఇంజిన్ లోపల పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు తేలిక చేసి, దాన్ని 184 హార్స్‌పవర్‌కి ఎక్కించి, ఎర్రగీతని సరిగ్గా 7,500 దగ్గరికి జరిపారు. ఒక సంప్రదాయం మూలసూత్రాన్ని ఎదుటి సంప్రదాయానికి దానం చెయ్యడం చరిత్రలో అరుదు. చిన్న ఇంజిన్ వర్గం ఒక్కరోజు కూడా మౌనం పాటించలేదు. మర్నాటికల్లా వారికి బలం కన్నా గొంతు కన్నా బరువే ముఖ్యమని తేలింది.

వేగం సంగతి కూడా తేల్చేద్దాం. కంపెనీ అంకెల ప్రకారం సున్నా నుంచి వందకి చిన్న ఇంజిన్ 8.3 సెకన్లు తీసుకుంటుంది, 184 హార్స్‌పవర్ పెద్ద ఇంజిన్ 6.5 సెకన్లు. మిగిలేది 1.8 సెకన్లు. ఒక తుమ్ము వచ్చి పోవడానికి సరిపోవచ్చు. ఆ మిగిలిన కాలాన్ని యజమాని ఏం చేసుకుంటాడన్నది ఎవరూ పరిశోధించలేదు గాని, చాలావరకు తర్వాతి ఎర్ర సిగ్నల్ దగ్గర నిలబడి, వెనక వస్తున్న 1.5 కోసం ఎదురుచూడటంలో ఖర్చవుతుందని నా అనుమానం. పైగా రెండింట్లో ఏది తీసుకున్నా రెండో గేరు పూర్తిగా లాగేలోపే ఊళ్లో వేగపరిమితి వెనకబడిపోతుంది. అంటే ఈ మహా వివాదంలో చట్టబద్ధంగా అనుభవించగలిగే భాగం ఒకటిన్నర గేర్లే.

న్యాయం కోసం ఒక మాట చెప్పాలి. అసలు తేడా హార్స్‌పవర్‌లో లేదు, ఇంజిన్ తిప్పే బలం, అంటే టార్క్‌లో ఉంది. చిన్నది 150 న్యూటన్ మీటర్ల చుట్టూ, పెద్దది 205. ఎత్తెక్కుతూ లారీని దాటాలంటే పెద్దదానిలో కాలు నొక్కితే చాలు. చిన్నదానిలో ఒక గేరు, ఒక్కోసారి రెండు గేర్లు దించాలి. గేరు లీవరు మణికట్టు తిప్పినంత మాత్రాన పడే కారులో దీన్ని శిక్ష అనాలో బహుమతి అనాలో చదువరులే నిర్ణయించుకోవాలి. నాకైతే బహుమతే. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో ఈదేవాడు నాతో ఏకీభవించకపోతే తప్పు పట్టను.

ఇక వేరియంట్లు. అసలు పద్మవ్యూహం ఇక్కడుంది. ఇంజిన్ గురించి తెల్లవార్లూ వాదించుకున్నవాడు షోరూమ్‌లో అడుగుపెట్టాక తెలుసుకునేదేమిటంటే, చాలా మార్కెట్లలో అతను ఎంచుకోవాల్సింది ఇంజిన్ కాదు, మూట. ఒక వెనక చక్రం ఊరికే జారి తిరక్కుండా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, బిల్‌స్టైన్ కంపెనీ షాక్ అబ్జార్బర్లు పెద్ద ఇంజిన్ మూటలో కట్టేసి ఉంటాయి. తపస్వికి మలుపుల్లో పట్టు కావాలంటే గృహస్థాశ్రమం స్వీకరించక తప్పదు. అలాగే ఒకాయనకి వేడి సీట్లు ఒక్కటే కావాలి. వాటితోపాటు తోలు కవర్లు, తొమ్మిది స్పీకర్లు, పెద్ద చక్రాలు కూడా ఇంటికి వస్తాయి.

చక్రాల దగ్గర కాసేపు ఆగుదాం. చిన్న ఇంజిన్‌కి 195/50 సైజు టైర్లు 16 అంగుళాల చక్రాల మీద వస్తాయి, పెద్దదానికి 205/45 సైజు 17 అంగుళాల మీద. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది అందులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో. గుణించి చూశాను. టైరు పక్కగోడ ఎత్తు మొదటిదానికి 97.5 మిల్లీమీటర్లు, రెండోదానికి 92.25. ఈ ఐదు మిల్లీమీటర్ల రబ్బరు గురించి “గుంతలో పడితే వెన్నెముకకి తెలుస్తుంది” అనేవారిని నేనెరుగుదును. అదే మనుషులు సీటులో పర్సు వెనక జేబులో పెట్టుకునే కూర్చుంటారు. అయినా పెద్ద చక్రాలకి ఒక సామాజిక ప్రయోజనం ఉంది. ఈ కారు వెనక ఎక్కడా ఇంజిన్ సైజు రాసి ఉండదు. ఎరిగినవాడు చక్రాలు చూసే గుర్తుపట్టాలి. ఎరగనివాడికి యజమాని స్వయంగా చెప్పుకోవాలి, చెప్పుకుంటాడు కూడా.

తర్వాత బరువు. ఈ కారు చేసే ఇంజినీర్లు గ్రాములు లెక్కపెట్టే జాతి. మూడో తరంలో లోపలి అద్దం నుంచి కూడా వంద గ్రాముల లోపు బరువు తగ్గించి దాన్ని విజయంగా చెప్పుకున్నారు. నాలుగో తరంలో కప్పు హోల్డర్లు ఊడదీసి పక్కన పెట్టుకునేలా చేశారు. అంత కష్టపడి చేసిన కారు తీసుకుని కొనుగోలుదారు మొదట అడిగేది ఆర్‌ఎఫ్ మోడల్, అంటే గుడ్డ టాపు బదులు మోటార్లతో మడతపడే గట్టి టాపు. సుమారు 45 కిలోలు అదనం. అది తెరుచుకోవడానికి 13 సెకన్లు పడుతుంది, ఆ పని కూడా గంటకి 10 కిలోమీటర్ల లోపు వేగంలోనే చేస్తుంది. గుడ్డ టాపుకైతే నడినెత్తిన ఒక గొళ్లెం. అది తీసి, సీట్లో కూర్చునే ఒంటిచేత్తో వెనక్కి పడేసి, అరచేత్తో ఒక్క నొక్కు నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. రెండూ చూశాక కూడా 13 సెకన్ల నాటకమే కావాలనేవారున్నారు. వారిని నేను అర్థం చేసుకోగలను, ఎందుకంటే ఆ నాటకం బయటివాళ్లకి కూడా కనిపిస్తుంది. 1.8 సెకన్ల కోసం పెద్ద ఇంజిన్ కొని 13 సెకన్ల టాపు పెట్టించుకున్నవాడి లెక్కలు మాత్రం ఆడిటర్ చూడకపోవడమే మంచిది.

జపాన్‌లో ఇంకో వింత నడిచింది. 990ఎస్ అని ఒక వేరియంట్ తెచ్చారు, పేరులో ఉన్నది దాని బరువే, కిలోల్లో. చిన్న ఇంజిన్, తేలికపాటి ఫోర్జ్‌డ్ చక్రాలు, సౌకర్యాలు అంతంత మాత్రం. మామూలు బేస్ మోడల్ కన్నా ధర ఎక్కువ. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ సామాను కొనుక్కోవడమన్న వైరాగ్యాన్ని ధరలపట్టికలోకి ఎక్కించిన మొదటి ఘనత దానిదేనని చెప్పలేను గాని, ఇంత నిజాయితీగా చేసినవారు తక్కువ.

ఇప్పుడు పరిష్కారం. నాలుగో తరం వచ్చినప్పుడు జపాన్‌లో గుడ్డ టాపు కారుకి 1.5 మాత్రమే ఇచ్చారు, అమెరికాకి 2.0 మాత్రమే పంపారు. రెండూ హిరోషిమాలో ఒకే ఉజినా కర్మాగారంలో పుట్టినవే. ఆ రెండు దేశాల్లోనూ ఎవరి కారు వారికి సంపూర్ణంగా కనబడింది. రెండు ఇంజిన్లూ పెట్టి ఏదో ఒకటి ఎంచుకొమ్మన్నది ఆస్ట్రేలియా, యూరప్‌వారిని. నిద్రలేని రాత్రులు కూడా వారికే. కాబట్టి ఎంపిక అనే హక్కుని ఈ ఒక్క వస్తువు విషయంలో ప్రభుత్వాలు వెంటనే రద్దు చెయ్యాలని మనవి. రంగు మాత్రం కొనేవాడికే వదిలెయ్యవచ్చు. అది అందరూ మొదటి సెకనులోనే, ఏ పట్టికా చూడకుండా ఎంచుకుంటారు. గొడవ ఉండదు.

రద్దు అయ్యేలోపు కొనక తప్పనివారు నా ఎంపిక అడిగితే దాచను: 1.5 ఇంజిన్, 16 అంగుళాల చక్రాలు, గుడ్డ టాపు, చేతి గేర్లు, పైన చెప్పిన ఆ డిఫరెన్షియల్. దొరకని కోరిక కాదు, జపాన్ ధరలపట్టికలో ఎస్ స్పెషల్ ప్యాకేజ్ అన్న పేరుతో ఈ మూట యథాతథంగా ఉంది. కాబట్టి ఇంజిన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఏ దేశంలో స్థిరపడాలో తేల్చుకుని, వీసా కాగితాలు మొదలుపెట్టండి.