కోట రోడ్డు మీద కార్ల పందెం వద్దు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది విందులో, భోజనాల దగ్గర ఒక ప్రతిపాదన వచ్చింది. దసరా రోజుల్లో విజయనగరంలో ఉత్సవాలు జరిగేటప్పుడు గంటస్తంభం వైపు నుంచి కోట దాకా స్పోర్ట్స్ కార్ల రేసు పెట్టిద్దాం, ఖర్చులో కొంత మనమే భరిద్దాం అని. చెప్పినవాడు మా ఊరివాడే, కార్ల పిచ్చి నాకంటే ముదిరినవాడు. నలుగురైదుగురు అక్కడికక్కడే చందాలు కూడా చెప్పేశారు. నా నోటినిండా పులిహోర ఉండటంతో ఆ రోజు నేనేమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను: ఇది వద్దు.

రేసులంటే గిట్టక రాస్తున్నది కాదిది. 2011లో బాల్టిమోర్ ఇన్నర్ హార్బర్ వీధుల్లో అమెరికన్ లెమాన్ సిరీస్ అనే స్పోర్ట్స్ కార్ల పోటీలో కార్లు పరిగెత్తినప్పుడు నేను అక్కడే ఉన్నాను. రోజూ ఆఫీసుకి వెళ్తూ సిగ్నల్ దగ్గర విసుక్కుంటూ ఆగే ప్రాట్ స్ట్రీట్‌లో పసుపు రంగు కార్వెట్ గేర్లు దించుకుంటూ వచ్చింది. ఆ వీ8 ఇంజన్ చప్పుడు రెండు వైపులా బిల్డింగులకు కొట్టుకుని వచ్చి ఛాతీలో మోగింది. తర్వాత చాలా రేసులు చూశాను కానీ అంత ఒళ్ళు జలదరించడం మళ్ళీ లేదు. ఆ రేసు 2013తో ఆగిపోయింది. ఇప్పటికీ ఆ వీధిలో కారు ఆపితే పక్క సీట్లోవాళ్ళకి ఆ కథ చెప్పకుండా ఉండలేను. మా ఆవిడకి కంఠతా వచ్చేసింది.

నాకంటే పెద్ద అభిమానుల బెంగ ఇంకా పాతది. 1980ల్లో, 1990ల మొదట్లో ఇమ్సా అనే అమెరికా స్పోర్ట్స్ కార్ల రేసుల సంస్థ నడిపిన జీటీపీ తరగతి రేసుల రోజులు వాళ్ళవి. మయామిలో బిస్కేన్ బులవార్డ్, ఒహాయోలో కొలంబస్ డౌన్‌టౌన్, న్యూ ఆర్లీన్స్‌లో సూపర్‌డోమ్ చుట్టుపక్కల రోడ్లు. పోర్షే 962లు, జాగ్వార్‌లు, నిస్సాన్‌లు. అప్పటి రేసింగే రేసింగ్ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. రేసింగ్‌గా చూస్తే వీధి రేసులు అంత గొప్పవేమీ కావు. దారి ఇరుకు, పక్కనే కాంక్రీటు గోడ, ముందున్న కారును దాటే చోట్లు ఒకటో రెండో. చిన్న పొరపాటు చేస్తే గోడకు తగులుతుంది, పసుపు జెండా ఊపుతారు, నెమ్మదిగా ముందు నడిచే పేస్ కారు వెనకాల అందరూ వరస కడతారు. నిజంగా పోటీ చూడాలంటే రేసుల కోసమే కట్టిన ట్రాకులకు, రోడ్ అమెరికాకో వాట్కిన్స్ గ్లెన్‌కో వెళ్ళాలి.

మరి ఆ బెంగ దేనిమీద? ట్రాక్ మీద రెండొందల ఎనభై కిలోమీటర్ల వేగం ఒక అంకె. దాన్ని కొలవడానికి కంటికి ఆసరా ఉండదు. అదే మనకు తెలిసిన వీధిలో అయితే, బ్యాంకు నుంచి పోస్టాఫీసుకి నడవడానికి ఎంతసేపు పడుతుందో కాళ్ళకు తెలుసు. ఆ దూరాన్ని కారు రెప్పపాటులో మింగేస్తే అప్పుడు వేగం అర్థమవుతుంది. అభిమానులు తలచుకుని మురిసేది కార్లనొక్కటే కాదు, తమ వీధి ఒక్కరోజు వేరేగా కనబడటాన్ని.

విజయనగరం వాళ్ళకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కదిలినప్పుడు జరిగేది అదే కదా. మూడులాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు. నిన్నటిదాకా బట్టలు బేరమాడిన షాపుల మీదుగా, మిఠాయి కొట్టు బోర్డు కంటే ఎంతో ఎత్తున, చింతమాను చివర పూజారి కూర్చుని వస్తుంటాడు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. డాబాల మీద, పిట్టగోడల మీద, మెట్ల మీద ఎక్కడ చూసినా మనుషులే. వేగం నడక కంటే ఎక్కువ లేదు. అయినా ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మాను కోసం చెట్టు ఎక్కడుందో పూజారికి కలలో అమ్మవారే చెబుతుందని నమ్మకం. ఆ చెట్టున్న ఊరు, బండి లాగేవాళ్ళు, వల పట్టేవాళ్ళు, ఇంటికి చుట్టాల్ని పిలుచుకునేవాళ్ళు, ఎవరి వంతు వాళ్ళకుంది. వీధి మూసేశారని అక్కడ ఎవరూ గొణగరు, మూసింది వాళ్ళే కాబట్టి.

ఊరు వదిలి వచ్చినవాళ్ళకి ఇలాంటి కోరిక పుట్టడం కొత్త కాదు. క్యూబా రాజధాని హవానాలో సముద్రం ఒడ్డున మాలెకాన్ రోడ్డు మీద 1957లో, 1958లో స్పోర్ట్స్ కార్ల గ్రాండ్ ప్రి జరిగింది. మొదటిసారి అర్జెంటీనా చాంపియన్ డ్రైవర్ ఫాంజియో గెలిచాడు. రెండోసారి రేసుకు ముందురోజు కాస్ట్రో అనుచరులు ఆయన్ని హోటల్ నుంచి ఎత్తుకుపోయి, రేసయ్యాక మర్యాదగా వదిలేశారు. తర్వాత కొన్నేళ్ళకు చిన్నపిల్లాడిగా క్యూబా నుంచి వచ్చేసిన రాల్ఫ్ సాంచెజ్ 1983లో మయామి డౌన్‌టౌన్‌లో ఇమ్సా రేసు పెట్టించాడు. మొదటి ఏడే కుండపోత వాన పడి రేసు మధ్యలో ఆగిపోయింది. అయినా పట్టు వదల్లేదు. కానీ చూడండి, ఆయన ఆ రేసు పెట్టింది తను ఉంటున్న ఊళ్ళో. తను వదిలొచ్చిన ఊళ్ళో కాదు. మనవాళ్ళ ప్రతిపాదనకీ దీనికీ ఉన్న తేడా అక్కడే.

పాత రేసుల్ని తలచుకునేటప్పుడు మనసు కొన్ని పేజీలు చింపేస్తుంది. అదే 1958 హవానా రేసులో ఒక ఫెరారీ జనంలోకి దూసుకెళ్ళి కొందరు చనిపోయారు. అంతకుముందు ఏడాది ఇటలీలో మామూలు రోడ్ల మీద జరిగే మిల్లె మిలియా రేసులో గ్విదిజోలో అనే ఊరి దగ్గర టైరు పేలి, కారు రోడ్డు పక్కన నిలబడిన తొమ్మిదిమంది ప్రాణం తీసింది. వాళ్ళలో ఐదుగురు పిల్లలు. డ్రైవర్, అతని పక్కనున్నవాడు కూడా పోయారు. మిల్లె మిలియా రేసుగా అంతటితో ముగిసింది. అమెరికాలో వాట్కిన్స్ గ్లెన్ ఊరి వీధుల్లో 1948లో మొదలైన రేసు, 1952లో ఏడేళ్ళ పిల్లాడు చనిపోయాక వీధుల్లోంచి బయటికి పోయింది. ఇప్పుడున్న ట్రాక్ 1956లో కట్టింది. ట్రాకులు పుట్టింది సరదాకి కాదు.

ఇప్పుడు భద్రత బాగుంది కదా అంటారు. బాగుంది, డబ్బు పోస్తే. వీధి పొడవునా కాంక్రీటు దిమ్మలు, వాటి మీద ఎత్తైన ఉక్కు కంచె, మలుపుల దగ్గర టైర్ల కట్టలు, జెండాలు ఊపి భద్రత చూసుకునే శిక్షణ పొందిన మార్షల్స్, డాక్టర్లు, కొత్తగా వేసిన తారు. మ్యాన్‌హోల్ మూతలన్నీ కదలకుండా బిగించాలి. రేసు కారు అడుగుభాగం నేలను అంటుకుని పోయేలా గాలిని లాగుతుంది. ఆ లాగుడుకి మూత లేచిపోతుంది. 1990లో మాంట్రియల్‌లో స్పోర్ట్స్ కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ రేసులో అలాగే మూత లేచి ఒక పోర్షేకి తగిలింది, కారు మంటల్లో చిక్కుకుంది. కోట్ల డాలర్లు పోసిన లాస్ వేగాస్‌లో కూడా 2023 ఫార్ములా వన్ మొదటి ప్రాక్టీసు పది నిమిషాలు నడవకముందే ఆగిపోయింది. రోడ్డులో ఉన్న మూత ఒకటి ఫెరారీ అడుగును చీల్చేసింది.

ఈ సంగతి కోట దగ్గర బట్టల షాపు నడుపుతున్న మా బావకి ఫోన్‌లో చెప్పాను. పడీపడీ నవ్వాడు. "మూతలు బిగించాలా బావా? ముందు మూతలుండాల కదేటి!" తర్వాత కాస్త సీరియస్ అయ్యాడు. "దసరా బేరాల్లో ఆ రోడ్డు మూసేస్తే మేమేటి తినాలి? సిరిమానుకంటే సరే, అమ్మోరిది. మీ కార్లకెందుకు?" మన విందులో ఎవరికీ తట్టని ప్రశ్న అది. చందా రాసినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ రోడ్డు మీద ఉన్న ఒక్క షాపువాడిని అడగలేదు.

అడగకుండా పెట్టిన రేసులు ఏమయ్యాయో మనకు దగ్గర్లోనే ఉంది. 2002 జులైలో వాషింగ్టన్ డీసీలో ఆర్‌ఎఫ్‌కే స్టేడియం పార్కింగ్ స్థలంలో అమెరికన్ లెమాన్ రేసు పెట్టారు. ఒప్పందం పదేళ్ళకు. పక్క కాలనీల వాళ్ళు ఆ చప్పుడు భరించలేమని గట్టిగా పోరాడారు. రెండో ఏడు రేసు లేదు. బాల్టిమోర్‌లో మొదటి ఏడాది నిర్వాహకులు అప్పుల్లో మునిగారు, నగరం వాళ్ళతో ఒప్పందం తెంచుకుంది. హైదరాబాద్ సంగతి మీకు తెలిసిందే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల దారిలో కరెంటు కార్ల ఫార్ములా ఇ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. టీవీలో చూసి నేనూ మురిసిపోయాను. నెక్లెస్ రోడ్డు చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మా చెల్లెలు మాత్రం మురవలేదు. తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు జనవరిలోనే రద్దయింది.

నిలబడిన రేసులూ ఉన్నాయి. లాంగ్ బీచ్‌లో 1975 నుంచి జరుగుతోంది. డెట్రాయిట్ రేసు 2023లో మళ్ళీ డౌన్‌టౌన్ వీధుల్లోకి వచ్చింది, 2024 నుంచి ఇమ్సా స్పోర్ట్స్ కార్లు కూడా అక్కడ పరిగెడుతున్నాయి. అక్కడ చాలా చోట్ల టికెట్ లేకుండానే నిలబడి చూడొచ్చు. ఊరివాళ్ళకి ఆ మాత్రం వాటా ఇచ్చారు.

అసలు మన వైపు జనం కార్ల గురించి కథలుగా చెప్పుకునేది పరుగు గురించి కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు, రెండు చేతులకూ కట్టిన రెండు కార్లను అంగుళం కదలనివ్వకుండా ఆపేవాడని మా తాత చెప్పేవాడు. మన హీరో బ్రేకు పార్టీ.

కార్ల కోసమే ఖర్చు పెట్టాలని చేతులు దురదపెడుతుంటే ఒక దారి ఉంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి సొంత ట్రాక్ ఉంది. అంతకుముందు షోళవరం పాత విమానాల రన్‌వే మీద పరిగెత్తిన కార్లన్నీ అక్కడికే మారాయి. మన జిల్లా ఐటీఐల్లో మెకానిక్ పని నేర్చుకుంటున్న పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్ళని ఒక సీజను అక్కడి టీముల దగ్గర పెడదాం. ఇది నా ప్రతిపాదన, చందా కూడా రాస్తాను. కోట రోడ్డు రేసు మీద ఓటింగ్ పెడితే మాత్రం నా ఓటు వ్యతిరేకం. మే చివర్లో డెట్రాయిట్‌కి వ్యాన్ మాట్లాడుకునేవాళ్ళుంటే నాకొక సీటు ఉంచండి. పులిహోర నేను తెస్తాను.