సవరణ: రివోక్ కొడితే సరిపోతుందన్న నా పోస్ట్ గురించి

మొన్న ఇక్కడ బెంగళూరులో పనిచేసే మనవాళ్ళ కోసం పెట్టిన పోస్ట్‌లో, మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక యూజర్‌కి స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లో దాచి ఉంచిన ప్రోగ్రామ్) మీద ఎగ్జిక్యూట్, అంటే రన్ చేసే పర్మిషన్, రివోక్ చేస్తే (వెనక్కి తీసుకుంటే) ఇక దాన్ని రన్ చేయలేరని రాశాను, అది తప్పు. రివోక్ ఆ యూజర్‌కి నేరుగా ఇచ్చిన గ్రాంట్‌నే (అనుమతినే) తీసేస్తుంది, అదే పర్మిషన్ ఏదో రోల్ (పర్మిషన్లు కలిపి ఇచ్చే యూజర్ల గ్రూప్) ద్వారానో స్కీమా (ప్రొసీజర్లు, టేబుల్స్ ఉండే విభాగం) మీది గ్రాంట్ ద్వారానో వస్తుంటే ప్రొసీజర్ మామూలుగానే రన్ అవుతుంది, మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లో ఇలాగే ఉంది. పూర్తిగా ఆపాలంటే ఆ దారులన్నీ మూసేయాలి, లేదా డినై (స్పష్టంగా నిషేధించే ఆదేశం) ఇవ్వాలి, కానీ సిస్‌అడ్మిన్‌లకి (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్నవాళ్ళకి) డినై వర్తించదు. కాంట్రాక్ట్ అయిపోయినవాళ్ళ లాగిన్లకి రివోక్ మాత్రమే కొట్టి వదిలేసుంటే దయచేసి ఈరోజే రోల్ మెంబర్‌షిప్‌లు చూడండి. ఇంకోటి, ప్రొసీజర్‌ని డ్రాప్ చేసి (తీసేసి) మళ్ళీ క్రియేట్ చేస్తే దాని మీద పెట్టిన డినై కూడా పోతుంది, ఉన్నదాన్నే మార్చే ఆల్టర్ వాడితే ఉంటుంది.