పిక్కపట్టు గారికి బహిరంగ లేఖ

శ్రీయుత పిక్కపట్టు గారికి,
కుడికాలు, మోకాలికి దిగువన, వెనకవైపు వాటా.

ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నానండి, చిన్నప్పుడు ఉత్తరం అంటే అలాగే నేర్పారు, కానీ మీరు కుశలంగా ఉంటే నేనుండను, నేనుంటే మీరుండరు, అందుకని ఆ ముక్క వదిలేసి నేరుగా విషయానికి వచ్చేస్తున్నా.

మీ దాయాదులు నడుంపట్టు గారు, మెడపట్టు గారు మాకు ఎప్పట్నుంచో తెలుసు. పద్ధతి గల మనుషులు. గ్యాస్ బండ ఎత్తేటప్పుడో తలగడ కుదరనప్పుడో వస్తారు, నాలుగు రోజులుంటారు, కాస్త బామ్ రాయించుకుని వెళ్ళిపోతారు, ఊళ్ళో ఎవరికీ తెలీదు. మరి మీరొచ్చింది ఎక్కడండీ? మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో, ఎక్కుడు మలుపులో, అదీ భద్రాచలం బస్సు నిండా జనంతో పక్కనుంచి వెళ్తున్నప్పుడు. కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి వంగి "ఎక్కేస్తారేంటండీ, సైకిలుకి హాఫ్ టికెట్టు కొట్టేద్దాం" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను నవ్వే స్థితిలో లేను, షూ పెడల్‌కి బిగించే రకం అవడంతో కాలు ఊడక, సైకిలుతో సహా వెదురాకుల్లో పక్కకి ఒరిగిపోయి ఉన్నాను.

బహిరంగ లేఖ అన్నాక మొదట్నుంచి చెప్పాలి కదా. మాది కోనసీమండి, రావులపాలెం దగ్గర. మా ఊళ్ళో ఎత్తు అంటే కాలవగట్టు, పర్వతం అంటే జొన్నాడ వైపు గౌతమి మీద వంతెన ఎక్కే అప్రోచ్ రోడ్డు. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి నీళ్ళు వదిలాడు, ఆ నీళ్ళు తోసేవాళ్ళు లేకుండా వాటంతటవే చేలమీదకి పారతాయంటే నేల ఎంత చదునో చూస్కోండి. అలాంటి చోట నేను మౌంటెన్ బైక్ కొన్నాను. మౌంటెన్ లేదు, బైక్ ఉంది. వెనకాల పన్నెండు పళ్ళచక్రాలు, చిన్నదానికి 10 పళ్ళు, పెద్దదానికి 51. ఏడాదిన్నర పాటు గట్ల మీద ఆ చిన్నవాటి మీదే తొక్కుతా, ఎదురొచ్చిన ప్రతివాడికీ చెయ్యి ఊపుతా, నేనేదో పెద్ద రైడర్ననుకున్నా. నలభై కిలోమీటర్లు తొక్కొచ్చి పెసరట్టు తినేవాణ్ణి. మీరు ఏ రోజూ రాలేదు. అందుకే మిమ్మల్ని తక్కువ అంచనా వేశా.

రంపచోడవరంలో కారు వదిలేసి అక్కణ్ణుంచి మారేడుమిల్లి, ఆ పైన ఘాట్ కొంత ఎక్కి మళ్ళీ వెనక్కి, మొత్తం డెబ్భై కిలోమీటర్ల పైమాటే, నేనూ మా బావా. బావ ముందు, నేను వెనక. ఎక్కుడొచ్చినప్పుడు పెద్ద చక్రం మీదకి చెయిన్ వేసుకుంటే కాళ్ళు తేలిగ్గా తిరిగేవి, అది తెలుసు నాకు, కానీ ఇప్పుడే అది వాడేస్తే ఇంకా పైన నిటారుగా వస్తే ఏం వాడతాం అని దాచుకున్నానండి. బంతిలో పూర్ణం బూరె ఆఖర్న తిందామని ఆకు చివర దాచుకున్నట్టు దాచుకున్నా. నిమిషానికి ఎనభై తొంభై చుట్లు తిరగాల్సిన కాళ్ళు నలభైకి పడిపోయి, గానుగెద్దులా ఒక్కో తొక్కూ ఒళ్ళంతా వేసి తొక్కుతున్నా. ఇంటికొచ్చాక సైకిలు కడుగుతుంటే మా అబ్బాయి చూపించాడు, "నాన్నా, ఈ పెద్దది కొత్తదా?" అని. మిగతా పదకొండూ నల్లగా జిడ్డోడుతున్నాయి, అదొక్కటి అటక మీంచి దించిన వెండిపళ్ళెంలా తళతళలాడుతోంది. దాని మీద చెయిన్ పడిన గీత కూడా లేదు.

మీరు చెప్పాపెట్టకుండా వచ్చారని అందరికీ చెప్పుకున్నా గానీ, నిజం చెప్పాలంటే కబురు పంపారు. ముందు మీ బంట్రోతు నీరసం గారొచ్చారు, కళ్ళు లాగాయి, బావ ఏదో జోకేస్తే కోపమొచ్చింది. ఆ తర్వాత పిక్కలో చేపపిల్ల కదిలినట్టు టకటకమని అదిరింది, రెండుసార్లు. అప్పుడు దిగి ఓ ఐదు నిమిషాలు కూర్చుని, ఏదన్నా తిని, గేరు తగ్గించుకుని ఉంటే మీరు వెనక్కి వెళ్ళిపోయేవారేమో. ఎలా దిగుతామండీ, బావ ముందున్నాడు కదా! మూడోసారి మీరే వచ్చారు. పిక్క లోపల కోడిగుడ్డు పెట్టి ఎవరో పైకి తోస్తున్నట్టు కండ గట్టిగా ముద్దకట్టి, చర్మం కింద అది పాకుతుంటే కంటికి కనిపిస్తోంది, బొటనవేలు నా మాట వినకుండా గునపంలా నేలవైపు సాగిపోయింది.

బావ వచ్చి మోకాలు తిన్నగా పెట్టి, పాదం పట్టుకుని వేళ్ళు నా మొహం వైపుకి మెల్లిగా లాగి పట్టాడు. అదొక్కటే పనిచేసింది. వదలగానే మళ్ళీ వచ్చారు, మళ్ళీ లాగాడు.

ఊరికొచ్చాక పంచాయితీ మొదలైంది. పక్కనే అరటిపళ్ళ మార్కెట్ పెట్టుకుని నీకు పిక్క పట్టేయడమేంటిరా అని ఒకాయన, పొటాషియం అని ఇంకొకాయన. అయ్యా, పొద్దున్నుంచి ఆరు చక్కెరకేళీలు తిన్నాను. పండుకి పొటాషియం నాలుగొందల మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, కానీ తిన్న అరగంటకీ గంటకీ రక్తంలో దాని ఊసు పెద్దగా కనపడదు, పైగా చెమటలో ఎక్కువ పోయేది పొటాషియం కాదు, సోడియం. అరటిపండు మంచి తిండి, పాతిక గ్రాముల పిండిపదార్థం, దాని జీతం దానికి ఇద్దాం, డాక్టరు జీతం మాత్రం ఇవ్వక్కర్లేదు.

కొబ్బరిబోండాలమ్మే బాబాయ్‌కి ఈ మాట చెప్తే ఇంకా మాట్లాడ్డంలేదు. కోనసీమలో పుట్టి కొబ్బరినీళ్ళని అనకూడదు, తెలుసు, కానీ వాటిలోనూ పొటాషియం దండిగా, సోడియం తక్కువ. లీటరు చెమటలో మనిషిని బట్టి అరగ్రాము నుంచి గ్రామున్నర దాకా సోడియం పోతుంది, ఆ రోజు నా నల్ల చొక్కా ఆరేసరికి వీపు మీద తెల్లగా సప్తగోదావరుల మ్యాపు గీసి ఉంది, పాయలతో సహా. అలాంటోడికి ఉప్పేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్ పేకెట్టో కావాలి. ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీళ్ళకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, ఇంకో రెండు లవణాలు, మా ఊరి పీహెచ్‌సీలో కూడా ఇస్తారు. అలాగని భయపడి ఉత్తి నీళ్ళు బిందెలకి బిందెలు తాగేస్తే రక్తంలో సోడియం పలచబడి అదింకా పెద్ద ప్రమాదం.

కానీ పిక్కపట్టు గారూ, ఉప్పు మీద కూడా నాకో డౌటుందండి. ఉప్పు తగ్గితే ఒళ్ళంతా తగ్గాలి. మరి చేతులు బానే ఉన్నాయి, మెడ బానే ఉంది, ఎంతో ఎండ తాగిన ఎడమ పిక్క కూడా ఆ రోజు నోరెత్తలేదు, మీరు కుడి పిక్కలోనే ఎందుకు దిగారు? ఓడల్లో బొగ్గు కొట్టేవాళ్ళకి పిక్కలు పట్టేస్తున్నాయని వందేళ్ళ కిందట ఉప్పు మీద పడ్డారు గానీ, 1997లో దక్షిణాఫ్రికా వాళ్ళు వేరే మాట చెప్పారు, అసలు కథ అలసటది అని. కండలో బిగించమని అరిచే నరాలుంటాయి, చాలు వదిలెయ్యమని సర్దిచెప్పేవీ ఉంటాయి. కండ అలవాటుకి మించి అలిసిపోతే అరిచేవాళ్ళు ఇంకా అరుస్తారు, సర్దిచెప్పే పెద్దమనిషి అరుగు మీద కునుకు తీస్తాడు. అప్పుడు మీరు. బావ వేళ్ళు లాగాడే, అది ఆ పెద్దమనిషిని తట్టి లేపడం అన్నమాట.

అంటే అరటిపండుదీ కాదు, బోండానిదీ కాదు, పిలిచింది నేనేనా అని ఇంట్లో పైకే అన్నాను. మా ఆవిడ "ఆయ్, ఇప్పుడు తెలిసిందా" అంది.

ఆవకాయ సంగతి కూడా చెప్పాలి. 2010లో అమెరికాలో కొందరికి కావాలని కరెంటుతో కాలి కండ పట్టేసేలా చేసి, పికిల్ జ్యూస్, అంటే దోసకాయ ఊరేసిన వెనిగర్ నీళ్ళు, తాగిస్తే సుమారు నిమిషంన్నరలో వదిలిందట, మామూలు నీళ్ళకన్నా ముందే. అంత త్వరగా కడుపులోంచి రక్తంలోకి ఏదీ చేరదు కాబట్టి గొంతులో ఘాటు తగిలి నరాలే ఉలిక్కిపడ్డాయని లెక్క. 2003లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న రోడరిక్ మెకినన్ గారు సముద్రంలో కయాక్ వేసే మనిషి, మీ బాధ పడలేకే అల్లం, దాల్చినచెక్క, మిరప కలిపి ఒక ద్రావకం తయారుచేయించారు. చూస్తే మా అమ్మమ్మ శొంఠి కషాయానికి కాస్త దూరపు చుట్టం. పరీక్షల్లో అది అందరికీ ఒకేలా పనిచెయ్యలేదు లెండి. మా బావ ఇవేమీ వినలేదు, పికిల్ అన్న ఒక్క ముక్క విన్నాడు, మర్నాటి రైడ్‌కి కొత్తావకాయ సీసా జేబులో పెట్టుకొచ్చాడు. ఆవపిండిలో ఘాటుందిగా అంటాడు. కాదనలేం. మూత ఊడి అతని వెనక జేబంతా నూనె, వాళ్ళ ఊరి కుక్కలు మూడు కిలోమీటర్లు రైడ్ చేశాయి మాతో.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో వినండి, మీకు నచ్చదు. సీటు దించా. ఎత్తుగా స్టైలుగా ఉందని వదిలేస్తే కింది పెడల్ దగ్గర మునివేళ్ళ మీద అటకమీది జాడీ అందుకున్నట్టు సాగాల్సి వచ్చేది, పిక్కకి అదే చాకిరీ. షూ కింద క్లీట్, అదే పెడల్‌కి బిగుసుకునే ముక్క, కూడా కాస్త వెనక్కి జరిపా. తిండి ఆకలేసేదాకా ఆగకుండా మొదటి గంటలోంచే, గంటకి ముప్ఫై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం. దానికి ఆత్రేయపురం పూతరేకులు మంచివనుకున్నా, నాలుగు నోట్లో వేసుకుని రొప్పుతుంటే బెల్లంపొడి ముక్కులోకి పోయింది. తాపేశ్వరం కాజా అయితే జేబులో పాకం. ఖర్జూరాలే బెస్టు.

కొండ లేదు కాబట్టి సాయంత్రం సముద్రపు గాలికి ఎదురెళ్ళి గట్టు మీద బరువు గేరులో తొక్కుతున్నా, మేడమెట్టు అంచున నిలబడి మడమ కిందకి దించి పైకి లేపుతున్నా, వారానికోసారి దూరం కొద్దికొద్దిగా పెంచుతున్నా, వేసవి ముదిరితే మొదటి పది పన్నెండు రోజులు ఒళ్ళు ఎండకి అలవాటుపడేదాకా మెల్లిగానే. వంతెన అప్రోచ్ మీద పదిసార్లు ఎక్కడం దిగడం. నాలుగోసారికి మోపెడ్ మీద ఒక పెద్దాయన ఆగి "ఏం పారేసుకున్నారు బాబూ" అన్నారు. ఏం లేదండీ అంటే నమ్మలేదు, బండికి స్టాండ్ వేసి ఆయన కూడా వెతకడం మొదలెట్టారు.

మీతో నాది ఇంతే తగువు. అస్తమానం పిక్కలు పట్టేసేవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, రైడ్ తర్వాత ఒంటేలు కోలా రంగులో పోసేవాళ్ళు మాత్రం మీకు ఉత్తరాలు రాస్తా కూర్చోకుండా డాక్టరు దగ్గరకి వెళ్ళాలి.

కార్తీకమాసం అయ్యాక మళ్ళీ మారేడుమిల్లి వెళ్తున్నాం. ఈసారి పెద్ద చక్రం మొదటి మలుపులోనే వాడేస్తా. మీకు అంత ఖాళీగా ఉంటే మా బావ ఎడమకాలు చూడండి, కొత్త వాటా, గాలీ వెలుతురూ బావుంటాయి, ఆయన ఎవరి మాటా వినడు కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఇట్లు,
మీ పాత ఇంటి ఓనరు

తా.క.: ఈ ఉత్తరం నిన్న రాత్రి రాసి పడుకున్నా. పొద్దున్న మూడింటికి ఎడమ పిక్కలో దిగారు. నేను కుడికాలు అడ్రస్ రాస్తే మీరు పక్కవాటాలోకి వచ్చేశారా? అరుస్తుంటే మా ఆవిడ లైటేసి, నా పాదం వేళ్ళు పట్టుకుని లాగుతా, "ఆవకాయ తెమ్మంటారా" అనడిగింది.