థీమ్ టీమ్ ఓడిపోవడానికి సాకు కాదు

పోకెమాన్‌లో థీమ్ టీమ్ కట్టి ఓడిపోయినవాళ్ళు దాదాపు అందరూ ఒకటే మాట అంటారు, "థీమ్ టీమే కదా, ఊరికే సరదాకి కట్టాను" అని. పిల్లలూ అంటారు, ఆఫీసు నుంచి వచ్చి లాప్‌టాప్‌లో రెండు ఆటలు ఆడుకునే మన పెద్దవాళ్ళూ అంటారు. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. ఒక వరస, అంటే థీమ్, పెట్టుకుని, ఆ వరస దాటకుండా ఆరు పోకెమాన్లని ఏరుకుని, వాటితోనే గెలిచే దారి వెతకడం ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన పని, నా ఉద్దేశంలో అన్నిటికంటే ఆనందంగా ఉండే పని కూడా. ముందే సరదా అనేసుకుంటే ఇక బుర్ర పెట్టే అవసరమే ఉండదు, అక్కడే టీమ్ పోతుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1996లో జపాన్‌లో మొదలైన వీడియో గేమ్ ఇది. ఒక్కొక్కరి దగ్గర ఆరు పోకెమాన్లు, అంటే మన తరఫున పోరాడే ఊహా జీవులు, ప్రతిదానికీ ఒకటో రెండో టైపులు. నిప్పు, నీరు, గడ్డి, కరెంటు, రాయి, ఇలా మొత్తం 18 టైపులు. నీళ్ళ ముందు నిప్పు ఆగదు, గడ్డి ముందు నీళ్ళు ఆగవు, నిప్పు ముందు గడ్డి ఆగదు. అధికారిక పోటీల్లో ఆడేది డబుల్స్, అంటే ఆరింటిలో నాలుగింటిని ఎంచుకుని, రెండేసి చొప్పున బరిలోకి దించాలి. మొదలయ్యే ముందే ఎదుటివాళ్ళ ఆరూ మనకి కనిపిస్తాయి, మనవి వాళ్ళకి కనిపిస్తాయి. ఇక ఒక్కోదానికి 510 పాయింట్ల దాకా బలం పంచుకోవచ్చు, ఏ ఒక్క గుణానికీ 252 దాటకూడదు. వేగానికి పోస్తే ఒంటికి తక్కువవుతుంది, ఒంటికి పోస్తే వేగానికి తక్కువవుతుంది. సగం టెన్షన్ ఈ పంపకం దగ్గరే.

థీమ్ టీములు ఎందుకు ఓడతాయో ఆటే మొదట్లో నేర్పిస్తుంది. ఆటలో ముందుకెళ్ళాలంటే ఒక్కొక్కరినీ ఓడించాల్సిన జిమ్ లీడర్లు దాదాపు అందరూ ఒక రకంగా థీమ్ టీమ్ వాళ్ళే కదా. మొదటి ఆటలో అందరికంటే ముందు ఎదురయ్యే బ్రాక్‌ది రాళ్ళ థీమ్. జియోడ్యూడ్, ఓనిక్స్, రెండూ రాయి-నేల టైపులే కాబట్టి నీళ్ళు తగిలినా గడ్డి తగిలినా నాలుగింతల దెబ్బ పడుతుంది. నీటి స్క్విర్టిల్‌తోనో గడ్డి బల్బసార్‌తోనో మొదలుపెట్టిన పిల్లలు చిటికెలో దాటేస్తారు, నిప్పు చార్‌మాండర్ తీసుకున్నవాళ్ళకే తిప్పలు. బ్రాక్ ఓడేది రాళ్ళ థీమ్ పెట్టుకున్నందుకు కాదు, తన దగ్గరున్న రెండింటికీ ఒకే చోట దెబ్బ తగులుతుంది కాబట్టి. బ్రౌజర్‌లో ఆడుకునే పోకెమాన్ షోడౌన్‌లో మోనోటైప్ అని ఆరూ ఒకే టైపు ఉండాల్సిన పోటీ ఉంది, అక్కడ బాగా ఆడేవాళ్ళు రెండో టైపు మీదే బతుకుతారు. నీటి టీమ్‌కి కరెంటు భయం కాబట్టి నీరు-నేల టైపు స్వాంపర్ట్‌ని పెడతారు, దానికి కరెంటు అసలు పారదు. కానీ దానికి గడ్డి తగిలితే నాలుగింతలు, అందుకని గడ్డి దెబ్బ వచ్చేటప్పుడు దాన్ని తప్పించి దించడానికి నీరు-గాలి టైపు పెలిప్పర్ లాంటిది ఇంకొకటి. అందరిదీ పైకి ఒకే రంగు, లోపల ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మా వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలు క్లబ్‌హౌస్‌లో చేరి ఆడుతుంటారు, నేనూ వెళ్ళి కూర్చుంటాను. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె సంక్రాంతి టీమ్ కట్టింది. పుట్టి పెరిగింది బెంగళూరులోనే, పండక్కి ఊరెళితే ఉండేది రెండు మూడు రోజులు, అందుకని భీమవరం దగ్గరున్న అమ్మమ్మకి ఫోన్ చేసి ఏమేం ఉంటాయో అడిగి మరీ రాసుకుంది. భోగిమంటకి టార్కోల్, వీపులోంచి పొగ చిమ్మే తాబేలు. పందెంకోడికి బ్లేజికెన్. (కత్తులు కట్టే అసలు పందేలంటే నాకు గిట్టదు, కానీ భీమవరం అమ్మమ్మని సంక్రాంతి గురించి అడిగితే కోడి రాకుండా ఉంటుందా.) గంగిరెద్దుకి టారోస్. ముగ్గులకి స్మియర్గల్, తోకనే కుంచెగా చేసుకుని బొమ్మలు వేసే కుక్క. గాలిపటం లాంటిది ఏదీ దొరక్క గాలిలో తేలే బుడగ డ్రిఫ్‌బ్లిమ్. నెత్తిన అక్షయపాత్ర పెట్టుకుని వచ్చే హరిదాసుకి, తల మీద పెద్ద ఆకు టోపీలా ఉండి ఎప్పుడూ గంతులేసే లుడికోలో.

చూడముచ్చటగా ఉంది. ఆడితే మాత్రం వరసగా ఓడిపోతోంది. ఎందుకో ఆట మధ్యలో చూస్తే తెలిసిపోయింది. టార్కోల్ బరిలోకి దిగగానే ఎండ కాస్తుంది, ఐదు టర్నులు ఉంటుంది. ఆ ఎండలో నిప్పు దెబ్బలు ఒకటిన్నర రెట్లవుతాయి, నీటి దెబ్బలు సగానికి పడిపోతాయి. లుడికోలోకేమో వేగం రెట్టింపు కావాలంటే వాన పడాలి. వాన లేదు, పైగా దాని నీటి దెబ్బలు మన ఎండకే చచ్చుబడిపోతున్నాయి. భోగిమంట, హరిదాసు ఒకే పండగలోవి కావచ్చు, ఒకే టీమ్‌లో ఒకదానికి ఇంకొకటి అడ్డం పడుతున్నాయి.

"థీమ్ టీమే కదా అంకుల్, పర్లేదు" అంది. పర్లేకపోవడం ఏమిటి, అంత కష్టపడి అమ్మమ్మని అడిగి కట్టుకున్న టీమ్! హరిదాసుని తీసేస్తే సంక్రాంతి ఎలా అవుతుందని తన బాధ. తీసేయమని నేను అనలేదు, సంక్రాంతిలో ఎండని ఇష్టపడేది ఏముందో వెతకమన్నాను. మళ్ళీ ఫోన్, మళ్ళీ అమ్మమ్మ. వచ్చిన జవాబు గొబ్బెమ్మ. పైన పువ్వు గుచ్చి వాకిట్లో పెట్టే గొబ్బెమ్మకి, వీపు మీద పెద్ద పువ్వుతో చతికిలబడి ఉండే వీనసార్. దాని క్లోరోఫిల్ గుణం వల్ల ఎండలో వేగం రెట్టింపవుతుంది, గ్రోత్ అనే ఎత్తు ఎండలో వాడితే దాడి బలం మామూలు కంటే ఎక్కువ పెరుగుతుంది, నీళ్ళ టీములకి, రాళ్ళ టీములకి గడ్డితో సమాధానం చెప్తుంది. స్వోర్డ్, షీల్డ్ అనే పోకెమాన్ ఆటల రోజుల్లో డబుల్స్ ఆడినవాళ్ళకి టార్కోల్-వీనసార్ జంట ఎంత పేరున్నదో తెలుసు. ఈ అమ్మాయికి తెలియదు. ఎక్కడా కాపీ కొట్టకుండా, గొబ్బెమ్మ దారిన వెళ్ళి అక్కడికే చేరింది. థీమ్ మీద నాకింత పట్టుదల ఎందుకంటే ఇందుకే.

గంగిరెద్దు దగ్గర ఇంకో గొడవ. టారోస్ బరిలోకి రాగానే ఎదుటివాళ్ళ దాడి బలం తగ్గిస్తుంది, మంచిదే, కానీ మామూలు టారోస్‌కి ఎండతో పనిలేదు. పక్కన కూర్చున్న మండ్య అబ్బాయి, వాళ్ళ ఊళ్ళో సంక్రాంతి సాయంత్రం పశువుల్ని అలంకరించి మంట దాటిస్తారని, దాన్ని కిచ్చు హాయిసోదు అంటారని చెప్పి, మరి నిప్పు టారోస్‌నే పెట్టొచ్చు కదా అన్నాడు. స్కార్లెట్, వయొలెట్ అనే తర్వాతి ఆటల్లో నిజంగానే అలాంటి టారోస్ ఉంది, పోరాటం-నిప్పు టైపు, ఎండలో దాని నిప్పు దెబ్బలకి బలం. చిక్కేమిటంటే బ్లేజికెన్‌దీ అవే రెండు టైపులు. నీరు, నేల, గాలి, సైకిక్, నాలుగు వైపుల నుంచీ రెండింటికీ ఒకే దెబ్బ, అంటే మళ్ళీ బ్రాక్ దగ్గరికే వచ్చాం. మామూలు ఎద్దే ఉండాలని ఆ అమ్మాయి, నిప్పు ఎద్దే అని ఆ అబ్బాయి, చాలాసేపు వాదించుకున్నారు. నేను నిప్పు ఎద్దు వైపే. ఆరింటిలో దించేది నాలుగే కాబట్టి కోడి, ఎద్దు ఒకే ఆటలోకి రాకూడదని నియమం పెట్టుకుంటే సరిపోతుంది. ఎదుట భూకంపం కొట్టేవాళ్ళుంటే నేల దెబ్బ పారని డ్రిఫ్‌బ్లిమ్‌ని పక్కన నిలబెట్టాలి.

స్మియర్గల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే థీమ్ టీముల్లో ముందుగా పనికిరాదని తీసిపారేసేది ఇలాంటివాటినే. దాని దాడి బలం 20, స్పెషల్ దాడి కూడా 20, రెండూ అట్టడుగు అంకెలే. కానీ ఆటలో ఉన్న ఎత్తుల్లో ఇంచుమించు ఏదైనా చూసి గీసుకుని నేర్చేసుకుంటుంది. ఈ టీమ్‌లో దానికి ఫాలో మీ అనే ఎత్తు ఇచ్చాం, ఎదుటివాళ్ళ దెబ్బలు తన మీదికి లాక్కుంటుంది, ఫోకస్ శాష్ అనే నడికట్టు కట్టుకుని ఉంటుంది కాబట్టి నిండు ప్రాణం మీద ఉంటే ఎంత పెద్ద దెబ్బకైనా ఒకసారి ఒక్క పాయింటుతో నిలబడుతుంది. ఆ ఒక్క టర్నులో గొబ్బెమ్మ గ్రోత్ వేసుకుంటుంది. ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ, అచ్చం పండగలో లాగే! టార్కోల్ నత్తనడక కూడా (వేగం 20 మాత్రమే) ఒక వరమే. ఎదుట వాన తెచ్చే పెలిప్పర్ ఉండి రెండూ ఒకేసారి దిగితే, వేగంగా ఉన్నదాని వాన ముందు మొదలవుతుంది, నిదానంగా ఉన్నదాని ఎండ తర్వాత వచ్చి నిలుస్తుంది. డ్రిఫ్‌బ్లిమ్ మాత్రం ఇంకా నాకు అనుమానమే. టార్కోల్ లాగే దానికీ రాయి దెబ్బంటే భయం, రాక్ స్లైడ్ అనే రాళ్ళ ఎత్తు ఒక్కటి రెండింటినీ కొట్టేస్తుంది. మార్చమన్నాను, గాలిపటం లేని సంక్రాంతి వద్దంటోంది. సరే, తన టీమ్.

పెద్ద పోటీల్లో ఇవన్నీ నడవవు అనేవాళ్ళకి 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్ గుర్తు చేస్తాను. వాషింగ్టన్‌లో జరిగిన ఆ పోటీలో కొరియా ఆటగాడు సేజున్ పార్క్ పాచిరిసు అనే బుల్లి కరెంటు ఉడుతతో మాస్టర్స్ టైటిల్ కొట్టాడు. ముద్దుగా ఉందని తెచ్చుకోలేదు దాన్ని. ఫాలో మీతో దెబ్బలు లాక్కుంటుంది, కరెంటు దెబ్బ తగిలితే నష్టం పోయి ప్రాణం పెరుగుతుంది, ఆ రెండు గుణాలు పక్కనున్న నీటి పోకెమాన్ గ్యారడోస్‌ని కాపాడటానికి సరిగ్గా సరిపోయాయి. అందరూ చిన్నచూపు చూసినదానికి అతను పని వెతికిపెట్టాడు. థీమ్ టీమ్ కట్టేవాళ్ళు ఆరింటికి ఆరూ అలా వెతకాల్సి వస్తుంది.

ఇప్పుడు ఎక్కువమంది చేసేది గెలిచినవాళ్ళ టీమ్ ఉన్నదున్నట్టు దించేసుకోవడం. కొత్తవాళ్ళు ఆట అలవాటయ్యేదాకా అలా ఆడితే తప్పు లేదు. ఏళ్ళ తరబడి అదే చేస్తే మాత్రం, ఎదుటివాళ్ళు అనుకోని ఎత్తు ఒకటి వేయగానే చేతులెత్తేస్తారు, ఎందుకంటే తమ టీమ్‌లో ఆ ఆరోది ఎందుకుందో వాళ్ళకే తెలియదు.

అందుకని మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం. ఈసారి సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ, పాటల పోటీతో పాటు ఒక గదిలో పోకెమాన్ డబుల్స్ పోటీ పెడదాం. షోడౌన్ బ్రౌజర్‌లో ఉచితంగా ఆడొచ్చు కాబట్టి నాలుగు లాప్‌టాపులు, వైఫై ఉంటే చాలు. థీమ్ తప్పనిసరి. పెళ్ళి భోజనం, ఊరి సంత, చెరువుగట్టు, రైల్వే స్టేషన్, ఎవరిష్టం వాళ్ళది. గెలిచినవాళ్ళకి ఒక బహుమతి, బాగా కట్టిన టీమ్‌కి అంతే పెద్ద బహుమతి. ఆ రెండోదానికి ఒకటే షరతు, ఆరింటిలో ఒక్కొక్కటి థీమ్‌లో ఏమిటి, ఆటలో దాని పని ఏమిటి అని ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. తెలుగు రాయడం రాని పిల్లలు నోటితో చెప్తే పక్కన ఎవరో ఒకరు రాసిపెడతారు, ఆ పనికి నేను రెడీ.