‘సార్, ఈ మెసేజ్ మీరే పెట్టారాండి?’

భీమవరంలోనో కాకినాడలోనో రొయ్యల ఎగుమతి ఆఫీసుకి యాంటీవైరస్ పెట్టించడం ఒక పూట పని. పైమాట అకౌంటెంట్ నోట్లోంచి భయం లేకుండా వచ్చేలా చేయడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. దొంగ కాచుకునేది ఆ మాట రాని చోటే.

చెరువు పట్టుబడులు జోరుగా ఉన్న రోజు సాయంత్రం చూడండి. రైతులకి, ఐసుకి, లారీలకి వరసగా చెల్లింపులు. ఆ హడావుడిలో ఎండీ గారి ఫొటోతో కొత్త నంబరు నుంచి వాట్సాప్: ‘మీటింగ్‌లో ఉన్నా, ఫోన్ చేయకు, ఈ ఖాతాకి వెంటనే వెయ్యి.’ యజమాని రోజూ ఇలాగే పురమాయిస్తుంటే అకౌంటెంట్‌కి అనుమానం ఎందుకొస్తుంది? ఎగుమతి వైపు మోసం ఇంకా నిదానంగా సాగుతుంది. ఆఫీసు మెయిల్లో దూరినవాడు వచ్చే ఉత్తరాలన్నీ తనకీ చేరేలా ఫార్వర్డ్ రూలు పెట్టుకుని, ఇన్వాయిస్ వెళ్లే రోజుకోసం చూస్తాడు. ఆ రోజు విదేశీ కొనుగోలుదారుకి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాస్తాడు. మెయిల్ అడ్రసులో ‘ఎం’ (m) ఉండాల్సిన చోట ‘ఆర్, ఎన్’ (rn) పక్కపక్కన ఉంటాయి, అంతే తేడా. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూలు అలాగే ఉండిపోవచ్చు కాబట్టి, సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని విడిగా తీసేయాలి.

బ్యాంకులు దీనికో అడ్డుకట్ట ఇచ్చాయి: ఒకరు ఎంట్రీ వేస్తే మరొకరు ఆమోదించాలి. కానీ ఎండీ గారి ఓటీపీ వచ్చే సిమ్ము అకౌంటెంట్ ఫోన్లోనే ఉంటుంది. కంప్యూటర్‌కి గుచ్చి ఆయన పేరున సంతకం పెట్టే డిజిటల్ టోకెన్ అకౌంటెంట్ సొరుగులోనే, పిన్ను చీటీ అంటించుకుని మరీ. ‘మన కుర్రాడే, నమ్మకస్తుడు’ అంటారు. కావచ్చు. డబ్బు పోయిన మర్నాడు పోలీసుల ముందు మొదట నిలబడేది ఆ కుర్రాడేనన్నది ఎవరికీ తట్టదు.

అన్నిటికన్నా ఖరీదైంది తిట్ల భయం. తప్పు లింకు నొక్కినవాడు జీతంలో కోస్తారని తెల్లారేదాకా నోరు మెదపడు. ఈలోగా డబ్బు నాలుగైదు ఖాతాలు మారి ఏటీఎంలలోంచి బయటికి వచ్చేస్తుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే, ఖాతాలో ఇంకా మిగిలిన సొమ్మునైనా బ్యాంకు ఆపగలదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకి తెలియజేయాలి, లాగ్‌లు (కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలి. కిందివాళ్లు దాచిపెట్టే ఆఫీసుకి ఆ ఘటన తెలిసేదే ఆలస్యంగా.

ఖాతా నంబరు మారిందంటే పాత ఫైల్లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగాలి, మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు. ఈ నియమాన్ని యజమాని తన సంతకంతో గోడకి అంటించాలి. తర్వాత ఓసారి తనే వాట్సాప్‌లో డబ్బు పంపమని పురమాయించి చూడాలి. అకౌంటెంట్ ‘ఫోన్లో మీ గొంతు వినందే వెయ్యనండి’ అంటే, ఆ మాటని పదిమంది ముందు మెచ్చుకోవాలి. మొహం ముడుచుకుంటే మటుకు గోడమీది కాగితం ఆ సాయంత్రమే తీసేయొచ్చు.