మాత్ర మింగించడానికి కాపలా ఎందుకు?

హెచ్ఐవీ మందులు మధ్యలో ఆపేసేవారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక సలహా సిద్ధంగా ఉంటుంది. క్షయ రోగులకు చేసినట్టు ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి రోజూ మాత్ర మింగించాలని. సలహా ఇచ్చేవారి ఉద్దేశాన్ని శంకించను. కానీ కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో ఇది అమలైతే మందు మానేసేవారు తగ్గరు, పెరుగుతారు.

క్షయ చికిత్స మామూలుగా ఆరు నెలల్లో ముగుస్తుంది. హెచ్ఐవీని అణచి ఉంచే మందులను (ఏఆర్‌టీ) బతికినంత కాలం వాడాలి. పాతికేళ్ల యువతి ఇంటికి రోజూ ఒకరు వచ్చి మాత్ర మింగించి వెళితే, వారం తిరక్కముందే వీధి వీధంతా కారణం అడుగుతుంది. ఆమె రహస్యాన్ని కాపాడే బాధ్యతను 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం వైద్య సిబ్బంది మీద పెట్టింది. గడప దాకా వచ్చే కాపలాతో ఆ చట్టం కాగితానికే పరిమితమవుతుంది.

పోనీ, ఫలితమైనా ఉందా? కెన్యాలోని మొంబాసాలో 24 వారాలపాటు, వారానికి రెండుసార్లు, ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది ఎదుటే మాత్రలు మింగించి చూశారు. ఆ 24 వారాలు మందు సక్రమంగానే పడింది. పర్యవేక్షణ ఆపాక వారికీ, మొదటినుంచీ ఇంట్లోనే వేసుకున్నవారికీ తేడా మిగల్లేదు. ఇలాంటి పది పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. వైరస్‌ను అణచడంలో పర్యవేక్షణ వల్ల అదనపు లాభం అందులోనూ కనబడలేదు. మన పొరుగున కర్ణాటకలో ఫోన్ చేసి గుర్తుచేసే పద్ధతిని 631 మందిపై పరీక్షించారు. 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితమూ అంతే.

మాదకద్రవ్యాలకు అలవాటుపడినవారిలో పర్యవేక్షణ పనిచేసిందని, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ప్రాణాలే కాపాడిందని అటువైపువారు చూపిస్తారు. నిజమే. కేప్‌టౌన్‌లో 274 మందిని రెండు వర్గాలుగా చేస్తే, పర్యవేక్షణ ఉన్నచోట 9 మంది, లేనిచోట 20 మంది చనిపోయారు. అయితే అక్కడ పక్కన నిలబడింది రోగి స్వయంగా ఎంచుకున్న మనిషి. అలాంటి తోడుకు నేను అడ్డు చెప్పను.

ఇక్కడ మందు ఎక్కడ తప్పిపోతుందో తెలియాలంటే సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలి పనులకు వలస వెళ్లేవారిని చూడాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు, పత్తి తీతలకు గుంటూరు వైపు వెళతాయి. చేను గట్టున పట్టాలు కప్పిన గుడిసెలో రెండు మూడు కుటుంబాలు సర్దుకుంటాయి. అక్కడ సీసా కదిలితే మాత్రలు గలగలమంటాయి. ఆ చప్పుడు వినబడకుండా మూత కింద దూది కుక్కేవారున్నారు. సీసా మీది కాగితం గీకేసి, బలానికి వాడుతున్నామని చెప్పుకునేవారున్నారు. చెమ్మ తగలకుండా సీసాలోనే ఉంచాల్సిన మాత్రలను పొట్లం కట్టి బట్టల మధ్య దాచుకునే స్త్రీలున్నారు. ఇన్ని పాట్లు పడేవారిని మతిమరుపు మనుషులంటే నేను ఒప్పుకోను. సీసా ఖాళీ అయిన రోజున కర్నూలు రావాలంటే కూలి పోతుంది, రానుపోను చార్జీలు మీద పడతాయి, పైగా మేస్త్రీకి కారణం చెప్పాలి. మందు ఆగిపోయేది అక్కడే.

కాపలా పెట్టాలనే ఈ ధోరణి హెచ్ఐవీతో మొదలైంది కాదు. పేదవాడికి ఏది ఇచ్చినా వెనకాలే నిఘా పెట్టడం మన పాలనకు అలవాటైపోయింది. రేషన్ బియ్యానికి వేలిముద్ర కావాలి. కలుపు తీసి, మిరపకాయలు కోసి అరిగిన వేళ్లను ఆ యంత్రం గుర్తించదు. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని గుట్టల్లో చెమటోడ్చినవారు హాజరు పడక అవస్థలు పడ్డారు. బీపీ మాత్ర వేసుకున్నారో లేదో చూడటానికి ప్రభుత్వం ఏ అధికారి ఇంటికైనా మనిషిని పంపుతోందా? కూలి మనిషి దగ్గరికి వచ్చేసరికే ఆ ఆలోచన ఎందుకు పుడుతుంది?

మందు పనిచేస్తున్నదీ లేనిదీ, రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష చెబుతుంది. ఏడాదికోసారి చేయాల్సిన ఆ పరీక్షను వేళకు చేసి, ఫలితాన్ని వేళకు చెప్పండి. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒక్కటి. నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడానికి జాతీయ మార్గదర్శకాలే వీలు కల్పించాయి. సుగ్గికి బండి కదలకముందే ఆ మూడు సీసాలు చేతికందాలి. అవి అయిపోతే కర్నూలు ఏఆర్‌టీ కేంద్రం కార్డు చూపించగానే గుంటూరులో మందు దొరకాలి. ఇంటింటికీ కాపలా తిప్పడానికి అయ్యే డబ్బుతో ఏఆర్‌టీ కేంద్రాలను ఆదివారం పూట కొన్ని గంటలైనా తెరిచి ఉంచాలి.